రోజుకి పది నిమిషాలు

మా ఆవిడకి నోటి క్యాన్సర్ అని తెలిసేనాటికి ఆమెకి 52 ఏళ్లు. అంగిట్లో వచ్చింది. మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రపు హోరు వినబడే ఊరు. కొంచెం కొబ్బరితోట, కొంచెం జీడితోట ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మావైపే తీరం దాటింది. తెల్లారేసరికి తోటలో నిలబడ్డ చెట్లకంటే పడ్డవే ఎక్కువ. ఆ తరవాత నాటిన కొబ్బరి అప్పటికింకా కాపుకి రాలేదు. ఇంట్లోకి నికరంగా వచ్చే డబ్బు ఆమె పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి తెచ్చేదే. మంచాన పడింది ఇల్లు నడిపే మనిషి.

ఆమె అడ్డపొగ తాగేది. మావైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి తాగడం. నిప్పు సెగ అంగిటికే తగులుతుంది. వాళ్లమ్మ తాగేది, మా అమ్మా తాగేది. అలా తాగితే సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. రెండు చేతులూ పనిలో ఉండొచ్చు. పెద్దవాళ్ల ఎదట నిప్పు కనబడదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. మా ఇంట్లో అది జబ్బు తెచ్చే అలవాటని ఎవరికీ తోచలేదు. తరవాత ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు చెప్పాడు, మా జిల్లా జనం అంగిళ్ల గురించి ఎప్పుడో పరిశోధన చేశారని. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, ముంబయి నుంచి మెహతా, ఇంకొందరు కలిసి 10,169 మంది పల్లెజనం నోళ్లు చూసి, అడ్డపొగకీ అంగిటి మచ్చలకీ ఉన్న సంబంధం మీద 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వ్యాసం వేశారట. మా ఆవిడ పుట్టిందీ ఇంచుమించు అప్పుడే. ఆ సంగతి మా ఊరికి చేరలేదు, చుట్టలు మాత్రం చేరుతూనే ఉన్నాయి.

2023 వానాకాలంలో అంగిట్లో పుండు పడింది. కారం తగిలితే మంట. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన బి కాంప్లెక్స్ బిళ్లలు, పూతమందు వాడాం. తగ్గలేదు. కాశీబుగ్గలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ టార్చి వేసి చూసింది. చుట్ట ఎటువైపు పెట్టి తాగుతావని ఒక్క ప్రశ్న అడిగింది. ముక్క పరీక్షకి పంపకుండా నేను ఏ మందూ రాయను అంది. ఫీజు తీసుకోలేదు. పరీక్షకి పంపే సీసా మీద పేరు తనే రాసి, ఎక్కడ ఇవ్వాలో చెప్పింది. ఆవిడ ఇంకో పూతమందు రాసి పంపి ఉంటే మేం సంతోషంగా ఇంటికెళ్లిపోయేవాళ్లం.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. అందులో ఒక్క పదం నాకు తెలుసు. కాశీబుగ్గ బస్టాండులో కూర్చుని ఆ పదం మీద వేలు పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాను. పక్కన కూర్చున్న ఆమె అడిగింది, "నాకేటొచ్చిందో సెప్పు బావా, దాసకు." చెప్పాను. ఆమె చీర కొంగు సర్దుకుని, "పద, బస్సు ఎల్లిపోతాది" అంది.

మావైపు నుంచి దీనికి విశాఖ పోవాల్సిందే. కేజీహెచ్ ఉంది, మహాత్మాగాంధీ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మేం అగనంపూడి వెళ్లాం. టెక్కలిలో ఉన్న మా అల్లుడు గ్రానైటు పనికి సెలవు పెట్టి వెంట వచ్చాడు. కాగితాల పని, ఆరోగ్యశ్రీ కౌంటరు, స్కానింగులు అన్నీ అతనే చూశాడు. నేను సంచి పట్టుకుని వెనక నడిచాను. అప్పుడు నాకు ఏ గది ఎక్కడుందో కూడా బుర్రకెక్కలేదు.

డిసెంబరు మొదట్లో ఆపరేషన్ అయింది. పై దవడలో కుడివైపు అంగిలి ఎముక, దాని పళ్లు తీసేశారు. మెడలో గడ్డలు తీశారు. రేడియేషన్ తరవాత పన్ను పీకితే దవడ ఎముక మానకపోవచ్చట. అందుకని కింద పుచ్చిపోయిన దవడపళ్లు కూడా అప్పుడే తీసేశారు. అంగిట్లో పడిన రంధ్రం నేరుగా ముక్కులోకి ఉంటుంది. దాన్ని మూయడానికి ప్లేటు చేసి ఇస్తారు. కట్టుడు పళ్ల సెట్టులాగే తీసి పెట్టుకోవచ్చు. అది లేకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి కారతాయి, మాట ముక్కులోంచి వస్తుంది.

ఆమె మొదటిసారి నా ఎదట ప్లేటు తీసినప్పుడు నేను కిటికీ వైపు చూశాను. ఆమె గమనించింది, ఏమీ అనలేదు. నాకు సిగ్గేసింది. మర్నాడు నుంచి ప్లేటు కడిగే పని నేను తీసుకున్నాను. మెత్తటి బ్రష్షు, సబ్బు, మామూలు నీళ్లు. వేడినీళ్లు వాడకూడదు, ప్లేటు వంకరపోతుంది. గులాబీరంగు ప్లాస్టిక్కు, లోపలివైపు బొడిపెలా ఎత్తు, పక్కన రెండు తీగ కొక్కేలు. ఆ కొక్కేల సందుల్లో మెతుకు ఇరుక్కుంటుంది. అది తీయకపోతే సాయంత్రానికి వాసన వేస్తుంది. కొన్నాళ్లకి అది ఇంటిపనుల్లో ఒకటైపోయింది.

ఆపరేషన్ రిపోర్టు వచ్చాక డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు. మెడలో తీసిన గడ్డల్లో ఒకదాంట్లో క్యాన్సర్ ఉంది, అది గడ్డ పొర దాటింది. రేడియేషన్ తప్పదు. మామూలుగా ఇలాంటప్పుడు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా కలిపి ఇస్తారు. దానికి ముందు రక్తపరీక్షలు మళ్లీ చేశారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8 వచ్చింది.

కిడ్నీ జబ్బుల మా ఉద్దానంలో ఆ అంకె అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల్లో చదువు రానివాళ్లు కూడా క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. నీళ్ల వల్లా, ఎండలో పనివల్లా, మందులవల్లా అని ఎందరో వచ్చి చూసి వెళ్లారు, ఇదీ కారణమని ఇంతవరకూ తేలలేదు. మా అన్నయ్య డయాలసిస్ మీద ఉండి ఉండి పోయాడు. క్యాన్సర్ అన్నప్పుడు ఏడవని మనిషి క్రియాటినిన్ అన్నప్పుడు ఏడ్చింది.

సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడుతుంది కాబట్టి ఇవ్వలేమన్నారు డాక్టరుగారు. రేడియేషన్ ఒక్కటే ఇస్తామన్నారు. నొప్పికి షాపుల్లో దొరికే డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి ముట్టుకోవద్దన్నారు. మందు లేకపోతే ప్రమాదమా అని అడిగాను. ఆయన అబద్ధం చెప్పలేదు. రెండూ కలిపితే ఇంకొంచెం బలం, కానీ కిడ్నీలు పోతే ఏ బలమూ ఉండదు, రేడియేషన్ మధ్యలో ఆపకుండా పూర్తి చేయించండి, మీరు చేయగలిగింది అదే అన్నారు. ఆ మాటే నాకు పట్టుకొమ్మ అయింది. అదే డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. తరవాత ఆమె కిడ్నీ పరీక్షలకి విశాఖ పోవాల్సిన పని తప్పింది. మా అన్నయ్యకి ఆ యోగం లేకపోయింది.

సంక్రాంతి వెళ్లాక మాస్కు తయారుచేశారు. తెల్లటి ప్లాస్టిక్ జాలీని వేడినీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. దాన్ని ముఖం మీద, మెడ మీద, భుజాల దాకా పరిచి అద్దుతారు. అంచులు బల్లకి బిగిస్తారు. కొద్ది నిమిషాల్లో గట్టిపడి ముఖం అచ్చు దిగుతుంది. రోజూ అదే మాస్కు తొడిగి, కదలకుండా బిగించి కరెంటు, అంటే రేడియేషన్, పెడతారు. గురి చూసే గీతలు కూడా చర్మం మీద కాకుండా ఆ మాస్కు మీదే గీస్తారు.

నన్ను లోపలికి రానివ్వలేదు. ఆమె బయటికొచ్చినప్పుడు బుగ్గల మీద జాలీ గళ్లు పడి ఉన్నాయి. చేతులు వణుకుతున్నాయి. "ఊపిరాడ్నేదు బావా. సచ్చిపోతాననుకున్నాను" అంది. లోపలున్న టెక్నీషియన్ విజయనగరం అమ్మాయి. మర్నాడు ఆ అమ్మాయి మాస్కుని ఆమె చేతికిచ్చింది. తిప్పి చూసుకోమంది, ముఖానికి తనే పెట్టుకోమంది. కళ్ల దగ్గర జాలీ కత్తిరించింది. మేం బయట టీవీలో నిన్ను చూస్తూనే ఉంటాం అత్తా, చెయ్యెత్తితే మిషను ఆపేసి వచ్చేస్తాం అని చెప్పింది. ఒకసారి ఎత్తి చూడమంది కూడా. ఆమె ఎత్తింది. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చింది. ఆ తరవాత ఆమె ఎప్పుడూ చెయ్యెత్తలేదు. బల్ల మీద ఏం ఆలోచిస్తావని అడిగితే, ఫ్యాక్టరీలో కూర్చుని పిక్కలు కొడుతున్నట్టు అనుకుంటానంది. ఒక్కో పిక్క కొట్టడం, గింజ విరక్కుండా తీయడం, గిన్నెలో వేయడం. గిన్నె నిండేలోగా అయిపోతుందట.

మొత్తం 33 సిట్టింగులు రాశారు. జనవరి 22, సోమవారం మొదలు. వారానికి ఐదు రోజులు. శని, ఆదివారాలు సెలవు, ఆ రెండు రోజుల్లో మంచి కణాలు కోలుకుంటాయట. లోపల ఉండేది రోజుకి పది నిమిషాలు. నొప్పి ఉండదు, వేడి ఉండదు, షాకు కొట్టదు. మిగతా రోజంతా మనదే. ఈ సంగతి నాకు మొదట అర్థం కాలేదు. డాక్టర్లు చేసేది గదిలో అయిపోతుంది, మనం కూర్చుని ఉంటే చాలనుకున్నాను.

మొదటి వారం ఏమీ కాలేదు. ఆసుపత్రికి దగ్గరలో గది తీసుకున్నాం. ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కీ కరెంటుకీ ఇచ్చింది, గది అద్దెకి, పాలకి, ఆటోకి ఇవ్వలేదు. ఆమె పనిచేసే ఫ్యాక్టరీ యజమాని కొంత అడ్వాన్సు ఇచ్చాడు. అడగడానికి వెళ్లినప్పుడు గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఆడమనిషి కూలిడబ్బు మీద ముందుగా అప్పు అడగడం నాకు అలవాటు లేదు. ఆయన ఏ కాగితమూ రాయించుకోలేదు. ఆమెతో పనిచేసే ఆడవాళ్లు కూడా చందా వేసుకుని ఇచ్చారు, చిల్లర నోట్లు, జీడినూనె మరకలతో.

రెండో వారాంతానికి ఇంటికి వెళ్లొచ్చాం, రైల్లో. క్యాన్సర్ రోగికి చికిత్స ప్రయాణానికి రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే పత్రం చూపిస్తే స్లీపరులో, థర్డ్ ఏసీలో రోగికి టికెట్టు డబ్బు ఉండదు, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గుతుంది. ఇది మాకు చెప్పింది ఆరోగ్యశ్రీ కౌంటరులోని ఆరోగ్యమిత్ర కాదు, డాక్టరు కాదు, వరండాలో పక్కన కూర్చున్న ఒడిశా ఆయన. పర్లాకిమిడి దగ్గర ఊరు, తెలుగు బాగా వచ్చు. వాళ్లమ్మని తెచ్చాడు. మాకంటే రెండు వారాలు ముందున్నాడు. ఏ వారంలో ఏమవుతుందో నాకు ముందుగా చెప్పింది ఆయనే.

ఇంటి దగ్గర కొత్త సంగతి తెలిసింది. కరెంటు పెట్టించుకున్న మనిషి ఒంట్లోంచి అది పక్కవాళ్లకి తగులుతుందని ఊళ్లో అనుకుంటున్నారు. మా మనవణ్ణి ఆమె దగ్గరికి రానివ్వలేదు. ఆమె గ్లాసు విడిగా పెట్టారు. సోమవారం డాక్టరుగారిని అడిగాను. బయటి నుంచి పెట్టే రేడియేషన్ మిషను ఆపగానే ఆగిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు, ఒకే పళ్లెంలో తినొచ్చు అన్నారు. ఆ మాట నా ఫోన్లో రికార్డు చేసుకుంటానన్నాను. ఆయన నవ్వి మళ్లీ నిదానంగా చెప్పారు. మా అమ్మాయికి పంపాను. ఆ వారమే మనవడు విశాఖ వచ్చాడు.

మూడో వారంలో రుచి పోయింది. ముందు తీపి, తరవాత ఉప్పు, తరవాత అన్నీ. చోడిజావ తాగుతుంటే బురద తాగినట్టుందంది. నోట్లో పుళ్లు మొదలయ్యాయి. ఉమ్ము చిక్కబడి తీగలు సాగేది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా తినేసోడా కలిపి రెండు గంటలకోసారి పుక్కిలించాలి. రాత్రి కూడా. నేను ఫోన్లో అలారం పెట్టుకుని లేచేవాణ్ణి. ప్లేటు అంచు పుళ్లకి ఒరుసుకుంటుంటే పళ్ల విభాగంలో అంచు అరగదీసి ఇచ్చారు. ఆ తరవాత తినేటప్పుడూ మాట్లాడేటప్పుడూ తప్ప తీసేసేది. మాట్లాడటం తగ్గించేసింది. సైగలతో చెప్పేది.

నాలుగో వారం. నా లెక్కలో అదే పెద్ద గండం. మెడ నల్లబడి తోలు ఊడటం మొదలైంది. ఉమ్ము మింగితే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒక పొద్దున్న లేచి బట్టలు సంచిలో సర్దేసింది. ప్లేటు పెట్టుకోకుండానే మాట్లాడింది, సగం నాకు అర్థం కాలేదు, అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ అంది. "నావల్ల కాదు. ఇంటికెల్లిపోదాం. సస్తే మనూర్లో సస్తాను." నేను బతిమాలాను. తరవాత అరిచాను. గ్లాసులో పాలు ఆమె చేతికిస్తే నా మీదే విసిరింది. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ పూట నాకూ వెళ్లిపోవాలనే ఉంది. ఆమెని తీసుకుని కాదు, ఒక్కణ్ణే.

పర్లాకిమిడి ఆయన వాళ్లమ్మని తీసుకొచ్చి మా గదిలో కూర్చోబెట్టాడు. ఆ ముసలావిడ ముక్కులో పైపు. ఆవిడ ఏమీ బోధించలేదు. మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. తన సిట్టింగులు ఇంక ఎన్ని మిగిలాయో వేళ్లతో చూపించింది. ఆటో వచ్చే టైముకి మా ఆవిడ మొహం కడుక్కుంది. ఆ రోజు సిట్టింగు అయింది. మధ్యలో మానేస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు ఆ సందులో మళ్లీ పెరుగుతాయని డాక్టరుగారు నాతో ముందే అని ఉన్నారు. ఆ మాట ఆమెతో అప్పుడు అనలేదు, భయపెట్టినట్టు అవుతుందని.

అదే వారం నొప్పికి బలమైన మందు మొదలుపెట్టారు. మామూలు మార్ఫిన్ కిడ్నీ సరిగా లేనివాళ్లలో ఒంట్లో పేరుకుపోతుందట. అందుకని ఫెంటానిల్ పట్టీ ఇచ్చారు. భుజం కింద అంటించి మూడు రోజులకోసారి మార్చాలి. అలవాటు పడిపోతుందేమోనని నేను ఒప్పుకోవడానికి తటపటాయించాను. చుట్టలు మాన్పించిన మనిషికి ఇంకోటి అలవాటు చేస్తున్నానేమో అనిపించింది. పట్టీ రాసిన డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, నొప్పికి లెక్క ప్రకారం వాడేది వేరు, తగ్గాక మేమే తగ్గిస్తాం అని. అలాగే తగ్గించారు. మలబద్ధకం వస్తుందని ముందే చెప్పి దానికీ మందిచ్చారు. ఇది చిన్న సంగతిలా ఉంటుంది, పట్టించుకోకపోతే కాదు.

ప్రతి సోమవారం బరువు చూసేవారు. 51 కిలోలతో మొదలైంది. ఐదో వారంలో 46. ఆ అంకె చూడగానే డైటీషియను ఇంక పైపు వేయాలంది. ఆమె ఒప్పుకోలేదు. ముక్కులోంచి పైపు వేలాడుతుంటే జనం చూస్తారంది. నాకూ అదే సిగ్గు. పైపు అంటే చివరిదశ అని మావైపు అందరం అనుకుంటాం. నోట్లో దారి మూసుకుపోయింది, ముక్కులోంచి దారి తీసుకుంటున్నాం, అంతే, నోరు మానగానే తీసేస్తాం అంది నర్సమ్మ. పైపు వేసేటప్పుడు నేను గదిలో ఉండలేకపోయాను. నీళ్లు తెస్తానని బయటికొచ్చేశాను.

కానీ ఆ పైపుతో ఆమె నిలబడింది. నర్సమ్మ నాకు నేర్పింది. మనిషిని ఎత్తుగా కూర్చోబెట్టాలి. ముక్కు దగ్గర పైపు మీద ఉన్న గుర్తు కదిలిందేమో చూడాలి, కదిలితే ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి రావాలి. సిరంజి గొట్టంలో పోసి పైకి పట్టుకుంటే దానంతట అది దిగాలి, నెట్టకూడదు. ఆఖర్న నీళ్లు పోసి పైపు కడగాలి. అరగంట పడుకోబెట్టకూడదు. మొదటిరోజు నా చెయ్యి వణికి గబగబా దిగిపోయింది, ఆమె దగ్గింది. ఊపిరితిత్తుల్లోకి పోయిందనుకుని నా ప్రాణం పోయింది. నర్సమ్మ చూసి, అలా కాలేదంది. వడగట్టిన చోడిజావ, పాలు, పెసరకట్టు, గుడ్డు తెల్లసొన, చెంచా నూనె. ఎంత పాలు, ఎంత గుడ్డు అన్నది కిడ్నీ రిపోర్టు చూసి డైటీషియను లెక్క రాసిచ్చింది. ఊరి నుంచి చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరిబోండాలు తెచ్చారు. ఉద్దానం నుంచి ఇంకేం తెస్తారు? పొటాషియం చూసుకోకుండా అవి ఆమెకి పోయొద్దన్నారు. గదిలో మూల గుట్టగా ఉండేవి. వరండాలో అందరికీ పంచేవాణ్ణి.

ఆ రోజుల్లో నేను తిండి దొంగతనంగా తినేవాణ్ణి. ఆమె ఎదట అన్నం తినబుద్ధి అయ్యేది కాదు. ఆమె నిద్రపోయాక రోడ్డు పక్క హోటల్లో చేపలపులుసుతో భోంచేసి, నోరు రెండుసార్లు కడుక్కుని, సోంపు నమిలి వచ్చేవాణ్ణి. ఒకరోజు రాగానే, "ఏటి సేప?" అని అడిగింది. వంజరం అన్నాను. "బాగుందా?" అంది. బాగుందన్నాను. తినొచ్చు కదా, దాచడమెందుకని కోప్పడింది.

ఆరో వారంలో ఒక రాత్రి గొంతులో కఫం అడ్డుపడింది. కళ్లు తేలేసింది. నేను లుంగీతోనే రోడ్డు మీదికి పరిగెత్తాను. 108 అన్న మూడంకెలు గుర్తు రాలేదు. ఎవరైనా రండి అని అరిచాను, అది మాత్రం గుర్తుంది. పర్లాకిమిడి ఆయనే వచ్చాడు. ఆమెని ముందుకి వంచి కూర్చోబెట్టి, వేలికి గుడ్డ చుట్టుకుని నోట్లో తీగలు తీశాడు. సోడానీళ్లతో పుక్కిలింపించాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆసుపత్రికి తీసుకెళ్తే నెబులైజరు పెట్టి తెల్లారి పంపించారు. ఆ తరవాత రాత్రిళ్లు మూడు దిండ్లు వేసి ఎత్తుగా పడుకోబెట్టేవాణ్ణి. 108, ఆసుపత్రి నంబరు, డైటీషియన్ నంబరు పెద్ద అక్షరాలతో గోడకి అంటించాను. ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స జరుగుతుంటే ఆ కాగితం మొదటివారమే అంటించండి.

మార్చి 7తో సిట్టింగులు అయిపోయాయి. విజయనగరం అమ్మాయి మాస్కుని ఇంటికి పట్టుకెళతావా అత్తా అని అడిగింది. ఆమె వద్దంది. మర్నాడు శివరాత్రి. అల్లుడు కారు తెచ్చాడు. ఇంటికొచ్చేశాం, ఇంక అయిపోయిందనుకున్నాం.

అయిపోలేదు. కరెంటు ఆపిన తరవాత వారం, పది రోజులు పుళ్లు ఇంకా ముదురుతాయి. కరెంటు ప్రభావం కొన్నాళ్లు సాగుతూనే ఉంటుంది కాబట్టి అలా అవుతుందని చెప్పి పంపించారు. విన్నాం గానీ తలకెక్కలేదు. జాగారం రాత్రి ఊళ్లో మైకులు, మా ఇంట్లో మూలుగులు. విశాఖలో అయితే చుట్టూ ఇలాంటివాళ్లే, పిలిస్తే నర్సు. ఇక్కడ నేనొక్కణ్ణి. రోజూ విజయనగరం అమ్మాయికో డైటీషియన్‌కో ఫోను చేసేవాణ్ణి. ఒక్కసారీ విసుక్కోలేదు. పలాసలో ఏఎన్ఎమ్ ఒకావిడ తన డ్యూటీ అయిపోయాక వచ్చి మెడ పుండుకి కట్టు కట్టి వెళ్లేది. ఉగాదికి పచ్చడి ఆమె నోటికి అందించే పరిస్థితి లేదు. ఏప్రిల్ నెలాఖరుకి పైపు తీశారు.

ఆ తరవాత సంగతి నెమ్మదిగా నడిచింది. దవడ బిగుసుకుపోకుండా వ్యాయామం చెప్పారు. ఐస్‌క్రీము పుల్లలు దొంతరగా పెట్టి పళ్ల మధ్య దూర్చాలి, వారం వారం ఒక పుల్ల కలపాలి. మానేస్తే నోరు తెరుచుకోదు. ఆమెకి అది కరెంటు కంటే విసుగు. నోరు ఇప్పటికీ ఎండిపోతుంది, సీసా నీళ్లు లేకుండా గడప దాటదు. పులుపు, ఉప్పు తెలుస్తాయి. తీపి అంతంత మాత్రం. మెత్తగా కలిపిన అన్నం, ముళ్లు తీసిన చేప తింటుంది. కారం లేదు. మెడకి కరెంటు పెట్టారు కాబట్టి థైరాయిడ్ పరీక్ష ఆరునెలలకోసారి చేయించాలి. మిగిలిన పళ్లకి రాత్రిపూట ఫ్లోరైడ్ జెల్లు. క్రియాటినిన్ 1.9 దగ్గర ఆగి ఉంది. తొలి స్కానులో జబ్బు కనబడలేదు. స్కాను రిపోర్టు చేతికొచ్చే రోజు ముందు రాత్రి మా ఇంట్లో ఎవరమూ నిద్రపోం, ఇప్పటికీ. ఫ్యాక్టరీకి మళ్లీ వెళ్తోంది, పిక్కలు కొట్టడానికి కాదు, పప్పు ఏరడానికి. అడ్వాన్సు అలా తీరుతోంది.

ఆమె అక్క అడ్డపొగ తాగుతుంది. మందస దగ్గర ఊరు. నోరు చూపించమంటే నెలల తరబడి దాటవేసింది. మొన్న దసరాకి మా ఇంటికొచ్చినప్పుడు మా ఆవిడ వాళ్లక్కని పెరట్లో కూర్చోబెట్టి, ప్లేటు తీసి చేతిలో పెట్టింది. నోరు తెరిచి, నన్ను టార్చి పట్టుకోమంది. అక్క చూసింది. ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకున్నారు, ప్లేటు లేకుండానే. కాశీబుగ్గ డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. అంగిట్లో తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్ర చుక్కలు. ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చింది. చుట్ట మానేసి మూడు నెలలకోసారి చూపించుకోమన్నారు. మా వదిన మానేశానంటోంది. నాకు నమ్మకం లేదు. మా ఆవిడకి ఉంది, అయినా వారానికోసారి మందస వెళ్లి వాళ్లక్క నోరు వాసన చూసి వస్తోంది.